పేగు రోగంపై పోరాడిన శాస్త్రజ్ఞుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ముంబయి మహానగరంలో నాగ్‌పాడా, కామాఠీపురా ప్రాంతాల పేరు వినని కుటుంబం మన సరిహద్దు పల్లెల్లో అరుదు. తాతల కాలంలో ఎవరో ఒకరు ఇంటి నుంచి అక్కడికి వెళ్లి రాళ్లు మోసి, ఇళ్లు కట్టి, మిల్లుల్లో మగ్గం నడిపి ఊరికి డబ్బు పంపినవారే. తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్లిన కామాటి కూలీల పేరుమీదనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. ఇరుకైన చాళ్లు, వరుస గదులకు ఒకే మరుగుదొడ్డి, ఒకే కొళాయి. అటువంటి చోట కలరా, రక్త విరేచనాలు, టైఫాయిడ్ ఒక గదిలో పుట్టి వరుసంతా పాకడానికి ఎంతో కాలం పట్టేది కాదు.

ఆ పేగు రోగాలకు విరుగుడు వెతకడంలో జీవితాన్ని ధారపోసిన మహానుభావులలో ఒకరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. ఆయన కనిపెట్టించిన మందు నేడు అనేక క్రిముల మీద పనిచేయకుండా పోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం. ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఆయనకు ఏడాదిన్నర నిండే నాటికి బొంబాయిలో ప్లేగు మహమ్మారి విరుచుకుపడింది. అప్పటికే కలరాకు టీకా తయారు చేసిన శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ హాఫ్కిన్ 1896 అక్టోబరులో బొంబాయి వచ్చి, నాగ్‌పాడాను ఆనుకొని ఉన్న గ్రాంట్ వైద్య కళాశాలలో పరిశోధన ప్రారంభించారు. 1897 జనవరి 10న ప్లేగు టీకాను మొదట తన శరీరంలోకే ఎక్కించుకున్నారు. ఆయన పేరుమీద పరేల్‌లో వెలసిన హాఫ్కిన్ సంస్థకు, భీమవరంలో పెరుగుతున్న ఆ పసివానికి మూడు దశాబ్దాల తరువాత ఒక సంబంధం ఏర్పడబోతున్నదని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

సుబ్బారావుకు చిన్ననాట చదువు మీద శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి పారిపోగా, తల్లి వెనక్కి రప్పించింది. భర్త మరణించిన తరువాత ఆ తల్లి నగలమ్మి కొడుకును చదివించింది. మెట్రిక్ పరీక్ష మూడవ ప్రయత్నంలో గట్టెక్కింది. మద్రాసులో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరబోగా, తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని మఠం పెద్దలు తెలిపి, వైద్యం చదివి జనానికి సేవ చేయమని దారి చూపారు.

ఆ సలహా ప్రకారం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919 మే నెలలో కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. చదువు ఖర్చు చాలావరకు మామగారే భరించారు. అవి గాంధీజీ స్వదేశీ పిలుపు ఇచ్చిన రోజులు. శస్త్రచికిత్స గదిలోకి సుబ్బారావు ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది గిట్టలేదు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. యోగ్యతా పత్రంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం అందలేదు.

ఇంట్లో చొరబడిన రోగం

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే పేగు రోగం సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరినీ తక్కువ వ్యవధిలో బలితీసుకుంది. ఈ రోగంలో తిన్న అన్నం ఒంటికి పట్టదు. విరేచనాలు నెలల తరబడి ఆగవు. రక్తం క్షీణించి, మనిషి ఎముకల గూడుగా మారతాడు. వైద్యం చదివిన వ్యక్తి ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేని స్థితి. కొంత కాలానికి సుబ్బారావుకే ఆ రోగం సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన కోలుకున్నారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

స్ప్రూకు మూలమేమిటి, మందేమిటి అన్న ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు. ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నారు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో ఓడ ఎక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. భార్యను మళ్లీ చూడలేకపోయారు. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే కన్నుమూశాడు.

హార్వర్డ్‌లో అజ్ఞాత శ్రమ

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన తొలిరోజుల్లో ఉపకార వేతనం లేదు. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు చదువుకున్నారు. మన ఊళ్ల నుంచి బొంబాయి వెళ్లి పగలు పని, రాత్రి బడి అన్నట్లు బ్రతికిన వారికి ఈ కష్టం కొత్తగా తోచదు.

తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు. 1925లో వీరిద్దరి పేరుమీద రక్తమూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి వెలువడింది. నేటికీ పాఠ్యగ్రంథాలలో ఆ పద్ధతి వీరి పేర్లతోనే ఉంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించారు. కండరాలు కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ నిల్వ ఉంటుందో తెలిపిన పరిశోధనలివి. 1930లో డాక్టరేటు లభించింది. అయినా శాశ్వత పదవి దక్కలేదు. సుబ్బారావు కృషిలో కొంత భాగాన్ని ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, అందువలన ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని అప్పటి సహచరుడు, 1988 నోబెల్ బహుమతి గ్రహీత జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో వెల్లడించారు.

బొంబాయి మిల్లు స్త్రీల నుంచి పర్ల్ రివర్ దాకా

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చి, హాఫ్కిన్ సంస్థలో పరిశోధన మొదలుపెట్టారు. మిల్లుల్లో పనిచేసే పేద గర్భవతులు తీవ్రమైన రక్తహీనతతో మరణించడం ఆమె దృష్టికి వచ్చింది. మార్మైట్ అనే చౌకైన ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని పోషకమేదో ఆనాడు తెలియదు. తెలంగాణ నేతపనివారు బొంబాయి మిల్లుల్లో చెమటోడ్చిన కాలమే అది.

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు. లూసీ విల్స్ బొంబాయిలో జాడ పట్టిన పోషకమే ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో తయారు చేసే మార్గాన్ని 1945లో సుబ్బారావు బృందం సాధించింది. క్యూబా వంటి చోట్ల స్ప్రూ రోగులకు ఇవ్వగా గుణం కనిపించింది. ఈనాడు పల్లెలో ఏ.ఎన్.ఎం. గర్భవతి చేతిలో పెట్టే ఇనుము మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే కలిసి ఉంటుంది.

అదే బృందం రక్త కాన్సరుకు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులను, బోదకాలుకు హెట్రజాన్‌ను అందించింది. మన జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఈ హెట్రజానే.

బంగారు రంగు మందు

పెన్సిలిన్ అప్పటికే వచ్చింది. అయితే పేగుల్లో నివసించే అనేక రోగక్రిముల మీద దాని ప్రభావం అంతంతమాత్రం. అనేక జాతుల క్రిములను ఒకేసారి అణచగల మందు కోసం సుబ్బారావు తన ప్రయోగశాలలో అన్వేషణ సాగించారు. పదవీ విరమణ చేసి డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను చేర్చుకొని, దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి పరీక్షింపజేశారు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు వన్నెగల సూక్ష్మజీవి కనిపించింది. దాని నుంచి లభించిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇది పెద్దకొడుకు. 1994లో సూరత్ ప్లేగు సమయాన జనానికి ఇచ్చిన మందులు ఈ కుటుంబానివే.

1948 జూలైలో న్యూయార్క్ సభలో ఆరియోమైసిన్ ఫలితాలు ప్రకటించారు. మూడు వారాలు గడవకముందే, ఆగస్టు రెండవ వారంలో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయసు 53 ఏళ్లు.

ఒక విశేషం ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి వైద్యులు నేడు ఇచ్చే ప్రధాన మందులు రెండు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటి వెనుకా ఉన్నది ఆయన నడిపిన ప్రయోగశాలే. ఇంట్లో ఓడిన వైద్యుడు లోకంలో గెలిచాడు.

సుబ్బారావు చూడనిది

ఆయన కన్నుమూసిన కొద్ది ఏళ్లకే కథ మలుపు తిరిగింది. జపాన్‌లో రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా క్రిమి మొదట సల్ఫా మందులకు లొంగకుండా పోయింది. 1955లో హాంగ్‌కాంగ్ నుంచి తిరిగి వచ్చిన ఒక మహిళ వద్ద లభించిన షిగెల్లా సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అనే నాలుగు మందులకూ లొంగలేదు. ఒక్కొక్క మందును తట్టుకొనే గుణం విడివిడిగా, అనుకోని మార్పు వల్ల వచ్చి ఉంటే నాలుగూ ఒకేసారి కుదరడం దాదాపు అసంభవం. పైగా ఆ రోగుల పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉండే ఇ.కోలి క్రిములు కూడా అవే నాలుగు మందులను తట్టుకుంటున్నాయి.

1959లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒచియాయ్, అకిబా ఈ చిక్కుముడి విప్పారు. మందు తట్టుకొనే గుణం ఇ.కోలి నుంచి షిగెల్లాకు, షిగెల్లా నుంచి ఇ.కోలికి నేరుగా చేరుతున్నదని రుజువైంది.

ఒక క్రిమి నుంచి మరొక క్రిమికి

ఇది పాఠకులు నిదానంగా గ్రహించవలసిన విషయం. వరి గింజ గుణం వరి మొలకకే వస్తుంది, పక్క చేలోని జొన్నకు రాదు. క్రిముల లోకంలో ఆ కట్టుబాటు లేదు. క్రిమి కణంలో దాని ప్రధాన జన్యువులతో పాటు ప్లాస్మిడ్ అనే చిన్న వలయం విడిగా ఉండవచ్చు. ఏయే మందును ఎలా తప్పించుకోవాలో తెలిపే చీటీ వంటిది అది. రెండు క్రిములు పక్కపక్కన చేరినప్పుడు ఒకటి సన్నని గొట్టం వంటి వంతెన వేసి, ఆ చీటీకి నకలు తీసి రెండవదానికి అందిస్తుంది. తన ప్రతి తన వద్దనే ఉంటుంది. అందుకున్నది మరొకదానికి ఇస్తుంది. ఇచ్చేది, పుచ్చుకొనేది ఒకే జాతి కానవసరం లేదు. ఒకే చీటీలో నాలుగైదు మందుల రహస్యాలు రాసి ఉండవచ్చు. కాబట్టి ఒక మందు అనవసరంగా వాడితే మిగిలిన మందులను తట్టుకొనే గుణం కూడా దానితో పాటే పెరుగుతుంది.

టెట్రాసైక్లిన్ విషయంలో ఆ చీటీ ఏమి నేర్పుతుందో అమెరికా వైద్యుడు స్టువర్ట్ లెవీ బృందం తెలుసుకుంది. క్రిమి తన కణపొరలో ఒక తోడుయంత్రాన్ని అమర్చుకుంటుంది. లోపలికి వచ్చిన మందును వచ్చినట్లే బయటికి తోడేస్తుంది. నీళ్లు నిండుతున్న పడవలో నుంచి నీటిని చేదతో తోడి పోసినట్లు.

మరి మందు పాత్ర ఏమిటి? పేగుల్లో కోట్లాది క్రిములు ఉంటాయి. వాటిలో చీటీ ఉన్నవి కొన్ని మాత్రమే. మందు వేసుకున్నప్పుడు చీటీ లేనివి చచ్చిపోయి, చీటీ ఉన్న వాటికి తావు దొరికి, అవే పెరుగుతాయి. మలంతో అవి బయటికి వచ్చి, నీళ్ల ద్వారా, ఈగల ద్వారా, కడుక్కోని చేతుల ద్వారా మరొకరి కడుపులోకి చేరుతాయి. మందు ఏనాడూ మింగని పసిబిడ్డ పేగుల్లో కూడా మందుకు లొంగని క్రిమి ఉండడానికి కారణమిదే. ఒక గదిలో వాడిన మాత్ర ఫలితాన్ని వరుసంతా అనుభవించవలసి వస్తుంది.

1977లో ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో కలరా వచ్చినప్పుడు, చికిత్సకే గాక రోగం రాకుండా కూడా టెట్రాసైక్లిన్‌ను విస్తారంగా పంచారు. ఆరు నెలలలోపే ఆ మందుకు లొంగని కలరా క్రిమి విస్తరించింది. మన దేశంలో 1972లో కేరళలోని కోళికోడ్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ బయటపడింది. ఆ గుణం కూడా క్రిమి నుంచి క్రిమికి మారగలిగినదేనని పరీక్షలో తేలింది.

కోళ్ల దాణాలో

లెడర్లీ ప్రయోగశాలలోనే మరొక సంగతి జరిగింది. సుబ్బారావు మరణించిన తరువాత అక్కడి శాస్త్రజ్ఞులు జూక్స్, స్టోక్‌స్టాడ్, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు తినిపించగా అవి త్వరగా బరువెక్కాయి. 1950లో ఈ వార్త వెలువడింది. అప్పటి నుంచి లోకమంతటా జబ్బులేని కోళ్లకు, పందులకు దాణాలో యాంటీబయాటిక్ కలపడం మొదలైంది.

దాని ఫలితాన్ని స్టువర్ట్ లెవీ 1976లో వెల్లడించారు. ఒక పొలంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు కలిపిన దాణా పెట్టగా, కొద్ది రోజుల్లోనే వాటి పేగుల్లో మందుకు లొంగని క్రిములు నిండాయి. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ ఇంటివారి పేగుల్లో కూడా అవి అధికంగా కనిపించాయి. వారెవరూ ఆ మందు మింగలేదు. ఆ దాణా ఆపివేసిన ఆరు నెలలకు పరీక్షించిన పదిమందిలో ఎనిమిది మంది వద్ద ఆ క్రిములు కనిపించకుండా పోయాయి. అంటే చెడినదాన్ని కొంతవరకు బాగుచేసుకోవచ్చునన్న మాట. ఐరోపా దేశాలు బరువు కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని 2006లో పూర్తిగా నిషేధించాయి. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడరాదని ఆదేశించింది.

ఆయన స్మృతి, మన బాధ్యత

సుబ్బారావు అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు. పేరు కోసం, పేటెంట్ల కోసం ప్రాకులాడలేదు. ఒక శిలీంధ్రానికి 1953లో శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. అయినా ఆయన ఎవరో తెలియకుండానే ఆయన మందు మింగిన తెలుగువారు ఎందరో.

ఆయనకు నిజమైన నివాళి ఆ మందుల పదును కాపాడడమే. మామూలు నీళ్ల విరేచనాలకు చాలావరకు యాంటీబయాటిక్ అక్కరలేదు. కావలసింది ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ దొరకకపోతే శుభ్రమైన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచి, కలిపి తాగించాలి. మలంలో రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా, బిడ్డ సోలిపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలిన మాత్రలు దాచి పక్కింటివారికి ఇవ్వరాదు. మందు అట్ట మీద నిలువు ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేనిదే కొనకూడని మందని గుర్తు. అట్ట మీద అక్షరాలు తెలుగైనా, మరాఠీ అయినా, ఇంగ్లీషు అయినా ఆ గీతను చదవడానికి ఏ భాషా రానవసరం లేదు. సరిహద్దుకు అటూ ఇటూ, ఏ మందుల దుకాణంలోనైనా ఒకటే లెక్క.

ముంబయి చాల్‌లో పేగు జబ్బు పడిన మనిషి ఊరికి వచ్చినప్పుడు, అతనితో పాటు ఆ క్రిములు కూడా వస్తాయి. ఊరి క్రిములు అలాగే అక్కడికి చేరుతాయి. వాటికి సరిహద్దు లేదు, టికెట్టు లేదు. అన్నానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడడం, తాగునీటిని కాచి మూతపెట్టడం వాటి దారి మూసే పద్ధతులు. ఎంత మంచి మందు వచ్చినా వీటికి సాటి రాదు. ఇద్దరు తోబుట్టువులను పేగు రోగానికి పోగొట్టుకున్న భీమవరం యువకుడు ఏళ్ల తరబడి శ్రమించి మన చేతిలో పెట్టిన మందు, రేపటి పిల్లలకు పనిచేయాలా వద్దా అన్నది ఇప్పుడు మన ఇళ్లలో తేలవలసిన లెక్క.